పాత క్రెడిట్ కార్డు మూసేస్తే సిబిల్ పడిపోతుందా? హోమ్ లోన్ ముందు పెద్ద తగువు

కూర్మన్నపాలెం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మధురవాడలో ఫ్లాట్ చూసుకున్నాం. నాలుగు నెలల్లో 45 లక్షలకి హోమ్ లోన్ పెట్టాలి. నాకు మూడు క్రెడిట్ కార్డులున్నాయి. మొదటిది 2014లో ఉద్యోగంలో చేరగానే తీసుకున్నది, లిమిట్ 60 వేలు. 2021లో తీసుకున్నదాని లిమిట్ లక్షా 40 వేలు, 2023లోదానికి లక్ష. పాతది ఎనిమిది నెలలుగా బీరువాలోనే ఉంది. ఏడాదికి ఫీజు 500, జీఎస్టీతో 590. దండగ, మూసెయ్ అంటాడు మా బావ. ముట్టుకున్నావో స్కోరు పోయినట్టే అంటాడు ఆఫీసులో అన్నయ్య. ప్రస్తుతం సిబిల్ (అప్పులు ఎలా తీరుస్తున్నామో చూసి ఇచ్చే స్కోరు) 788. ఎవరి మాట వినాలి?

సీతమ్మధార అక్క:
మూసెయ్యకు తమ్ముడూ. పదేళ్ల పైబడిన చరిత్ర నీకున్న ఆస్తి. అది పోతే 2021 నుంచే అప్పు మొదలుపెట్టినవాడిలా కనిపిస్తావు.

గాజువాక లెక్కలు:
అక్కా, అదెక్కడికీ పోదండీ. మూసేసిన ఖాతా కూడా రిపోర్టులో ఏళ్ల తరబడి కనిపిస్తుంది, పక్కన 'క్లోజ్డ్' అని ఉంటుంది, అంతే. సమయానికి కట్టిన నెలలన్నీ అలాగే ఉంటాయి. ఈ 'చరిత్ర చెరిగిపోతుంది' అనే మాట వాట్సాప్‌లో తిరిగీ తిరిగీ వేదవాక్కు అయిపోయింది.

అసలు దెబ్బ లిమిట్ మీద పడుతుంది. తమ్ముడూ, నెలకి కార్డుల మీద ఎంత వాడతావు?

కూర్మన్నపాలెం కుర్రోడు:
స్కూలు ఫీజు, పెట్రోలు, సరుకులు అన్నీ కలిపి 72 వేల దాకా అవుతుందండీ. ప్రతి నెలా పూర్తిగా కట్టేస్తాను.

గాజువాక లెక్కలు:
మొత్తం లిమిట్ 3 లక్షలు. అందులో 72 వేలంటే 24 శాతం వాడకం. పాత కార్డు తీసేస్తే లిమిట్ 2 లక్షల 40 వేలు. అదే 72 వేలు 30 శాతం అయిపోతుంది. 30 దాటకుండా చూసుకోమని అందరూ చెప్పేది దీని గురించే. నీ ఖర్చు రూపాయి పెరగలేదు, అయినా రిపోర్టులో మాత్రం నువ్వు అప్పు మీద ఎక్కువ ఆధారపడినట్టు కనిపిస్తావు.

కుర్రోడి బావ:
లింకు వాడే పంపాడు, అందుకే వచ్చాను. బిల్లు తయారయ్యేలోపు సగం కట్టేస్తే బాకీ 36 వేలే కనిపిస్తుంది కదా? 2 లక్షల 40 వేలలో అది 15 శాతం. మరి 590 ఎందుకు తగలెయ్యాలి?

గాజువాక లెక్కలు:
బావగారూ, మంచి పాయింటే. కాకపోతే బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకి (మన అప్పుల లెక్కలు ఉంచే సంస్థలకి) సమాచారం పంపాలని 2025 జనవరి 1 నుంచి రూలు వచ్చింది. బిల్లు తేదీ ఒక్కటే చూసుకుంటే చాలదు, నెలంతా బాకీ తక్కువ ఉండేలా కడుతూ ఉండాలి. మన కుర్రోడికి అంత ఓపిక ఉందంటారా?

ఎంవీపీ మాస్టారు (బ్యాంకులో చేసి రిటైరయ్యాను):
ఇద్దరూ ఒక మాట మర్చిపోయారు. బీరువాలో పెట్టి ఉంచుకో అన్న సలహా ఇప్పుడు చెల్లదు. రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం ఏడాదికి పైగా వాడని కార్డుని, మీకు తెలియజేసి, 30 రోజుల్లో మీ నుంచి జవాబు రాకపోతే బ్యాంకే మూసేస్తుంది. బాకీ లేకుండా ఉంటేనే లెండి. ఎనిమిది నెలలు అయ్యాయన్నావు కాబట్టి, ఉంచుకోవాలనుకుంటే ఈ నెల కరెంటు బిల్లు దానిమీద కట్టి, వెంటనే తీర్చేయి బాబూ.

మూసేటట్టయితే ముందు బాకీ సున్నా చేసుకుని, మెయిల్‌లో రాతపూర్వకంగా అడుగు. ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే, బాకీ లేనప్పుడు, రోజుకి 500 చొప్పున వాళ్లే నీకు కట్టాలి. ఈ సంగతి కస్టమర్ కేర్ వాళ్లు తమంతట తాము చెప్పరు.

పెందుర్తి కోడలు:
మాస్టారు చెప్పిన ఆ 'బాకీ సున్నా' మాట నాకు ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో. ఫోన్‌లో మూసేయమన్నాను, సరే మేడమ్ అన్నారు, కార్డు కత్తిరించి పారేశాను. తీరా చూస్తే ఏదో సబ్‌స్క్రిప్షన్ 199 రూపాయలు దానిమీదే పడింది. పాత నంబరుకి మెసేజ్‌లు వెళ్లాయట. లేట్ ఫీజులు కలిసి పెద్దదై, రిపోర్టులో ఓవర్‌డ్యూ అని వచ్చింది. బండి లోన్‌కి వెళితే అక్కడ బయటపడింది. అప్పుడు పడిన టెన్షన్ చెప్పలేను. మూయడం వల్ల కాదండీ, సరిగ్గా మూయకపోవడం వల్ల పోయింది నా స్కోరు.

సీతమ్మధార అక్క:
అయ్యో. అందుకే ఉంచుకోమంటున్నాను!

కుర్రోడి బావ:
ఉంచుకున్నా అదే ప్రమాదం కదా అక్కా. వాడని కార్డు మీద 590 ఫీజు పడి, అది చూసుకోకపోతే? అయినా 788 ఉన్నవాడికి పది పాయింట్లు తగ్గితే కొంప మునుగుతుందా?

గాజువాక లెక్కలు:
మునగదు. కానీ కొన్ని బ్యాంకులు స్కోరుని బట్టి వడ్డీ రేటు పెడతాయి. వాళ్ల మెట్టు 780 దగ్గర ఉందనుకోండి, ఆ పది పాయింట్లతో కిందికి జారాడనుకోండి. 45 లక్షల మీద 0.10 శాతం తేడా అంటే మొదటి ఏడాదే దాదాపు 4,500. నాలుగు నెలలు ఓపిక పట్టడానికి 590 ఖరీదేం కాదు. లోన్ డబ్బు చేతికొచ్చాక మీ ఇష్టం, కార్డు మూసేసి ఆ రోజు పార్టీ ఇవ్వండి.

కూర్మన్నపాలెం కుర్రోడు:
నిన్న సాయంత్రం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మూసేస్తానన్నాను. వెంటనే 'ఈ ఏడాది ఫీజు మాఫీ చేస్తాం సర్' అన్నారు. మెయిల్‌లో పంపమన్నాను, పంపారు. కరెంటు బిల్లు దానిమీదే కట్టాను. బావ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, తన వల్లే మాఫీ అయిందంటున్నాడు.

కుర్రోడి బావ:
నేను మూసెయ్ అనకపోతే నువ్వు ఫోన్ చేసేవాడివా మరి?