బాటిల్‌బ్రష్ పూత తగ్గింది. పక్కన పేపర్‌బార్క్ నాటవచ్చా?

ప్రశ్న:
మా పెరటి బాటిల్‌బ్రష్ మొదటి రెండేళ్లు విరగబూసింది. ఈసారి చెట్టు గుబురుగా రావాలని పూతకు ముందు కొమ్మల చివర్లన్నీ కత్తిరించాను. చిగురు బాగానే వేసింది కానీ, పూలు నాలుగైదు కొమ్మలకే వచ్చాయి. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. గోడకు ఆరడుగుల దూరంలో నీరు నిలిచే పల్లం ఉంది. అక్కడ తెల్లని బెరడు కాగితంలా పొరలుగా ఊడే పేపర్‌బార్క్ చెట్టు నాటాలని ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు:
మీరు కత్తిరించినవి రాబోయే పూలేనండీ. ఒక పాత కొమ్మను దగ్గరగా చూడండి: కాండాన్ని చుట్టుకుని బొత్తాల్లాంటి గట్టి కాయలు, వాటికి పైన మళ్లీ ఆకులు కనిపిస్తాయి. పూల కంకి చివర మొగ్గ ఆగిపోకుండా కొత్త రెమ్మగా సాగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. అందుచేత పూత వాడిన వెంటనే, కాయలు గట్టిపడక ముందే, కంకికి కాస్త కిందుగా కత్తిరిస్తే పక్క రెమ్మలు పుట్టుకొచ్చి, తర్వాతి పూత వాటి చివర్లలో వస్తుంది. ఆకు లేని ముదురు కొమ్మ దాకా ఒక్కసారే నరకవద్దు. రోజంతా ఎండ తగులుతోందా అన్నది కూడా చూసుకోండి. నీడలో ఈ చెట్టు ఆకులతోనే సరిపెడుతుంది.

రెండవ జవాబు:
లేత ఆకులు పసుపుబారి ఈనెలు పచ్చగా ఉండటం సాధారణంగా ఇనుము అందని లక్షణం. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారగుణం ఎక్కువైతే వేరు దాన్ని తీసుకోలేదు. గోడ కట్టినప్పటి సున్నం, సిమెంటు పెళ్లలు పాదులో కలిసి ఉన్నాయేమో తవ్వి చూడండి. బూడిద, సున్నం వేయకండి. చీలేటెడ్ ఇనుమును (వేరు తేలిగ్గా తీసుకోగల రూపంలోని ఇనుము) పొట్లంపై రాసిన మోతాదులో ఇచ్చి, ఆకుల ఎరువు పరచండి. పసుపుబారిన పాత ఆకులకన్నా, కొత్త చిగురు ఏ రంగులో వస్తుందో గమనించడం ముఖ్యం.

మూడవ జవాబు:
పేపర్‌బార్క్‌కు నీరు నిలిచే చోటు ఇబ్బంది కాదు, ఆరడుగుల దూరమే ఇబ్బంది. తోటల్లో ఎక్కువగా కనిపించే పేపర్‌బార్క్ రకం, మెలల్యూకా క్విన్క్వెనెర్వియా, పది మీటర్లు దాటి పెరిగే చెట్టు. గోడల దగ్గర, డ్రైనేజీ గొట్టాల దగ్గర దాన్ని నాటడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో అలంకారానికీ, చిత్తడి నేలలు ఎండగట్టడానికీ తెచ్చిన ఇదే చెట్టు ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి ప్రాంతంలో అదుపు తప్పి స్థానిక మొక్కలను కమ్మేసింది. కాబట్టి వాగుల పక్కన ఉండేవారు మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. మీ పల్లానికి సాధారణంగా ఒక మీటరుకు మించని, ఊదా పూలు పూసే, అదే జాతికి చెందిన మెలల్యూకా థైమిఫోలియా పొద చక్కగా సరిపోతుంది, అది తడి నేలను తట్టుకుంటుంది. పొరలు పొరలుగా ఊడే ఆ తెల్లని బెరడు కోసమే పెంచాలనుకుంటే మాత్రం, పెరటిలో గోడకు దూరంగా ఖాళీ జాగా చూడండి. బెరడును చేత్తో ఒలవకండి, ఆ పొరలే కాండానికి రక్ష.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. పాదు తవ్వితే నిజంగానే సిమెంటు పెళ్లలు బయటపడ్డాయి, అన్నీ ఏరి తీసేశాను. పల్లంలో పొదనే నాటుతాను. ఈసారి కత్తెర పూత వాడిన తర్వాతే పడుతుంది.