పురుగులో ప్రతి కణం జాతకమూ ముందే రాసి ఉంటుందా?

ఉప్పల్ కుర్రాడు:
హబ్సిగూడలో చాయ్ తాగుతూ ఫ్రెండ్స్‌తో మొదలైన గొడవ, అక్కడ తేలక ఇక్కడికి తెచ్చా. సి. ఎలిగాన్స్ అని మిల్లీమీటరు పొడవుండే పురుగు. పెద్దయ్యాక బీజకణాలు కాకుండా ఒంట్లో 959 కణాలు, ఆడా మగా రెండూ తానే అయిన ద్విలింగ పురుగుల్లో దేన్ని తీసుకున్నా అంతే. ఏ కణం దేన్నుంచి పుట్టిందో 1983కల్లా శాస్త్రవేత్త సల్‌స్టన్ బృందం వంశవృక్షం మొత్తం గీసేసింది. అంటే ప్రతి కణం తన పని పుట్టుకతోనే తెచ్చుకుంటుంది, పక్క కణాలకు ఇందులో పనే లేదు. కాదనేవాళ్లు రండి.

తార్నాక అక్క:
కాదు తమ్ముడూ. ఎప్పుడూ ఒకేలా జరుగుతోంది కాబట్టి లోపల రాసిపెట్టి ఉందనేస్తే ఎలా? గర్భాశయంలో యాంకర్ సెల్ అని ఒకటుంటుంది. దాన్ని లేజర్‌తో కాల్చేస్తే, కింద వరసగా ఉన్న ఆరు కణాల్లో వల్వా (గుడ్లు బయటికొచ్చే ద్వారం) కావాల్సిన మూడూ మామూలు చర్మంలో కలిసిపోతాయి. వాటి వంశం మారలేదు, జన్యువులు మారలేదు, పైనుంచి రావాల్సిన లిన్-3 సంకేతం రాలేదు, అంతే. ఇంకో సంగతి, అసలు యాంకర్ సెల్ అయ్యే అర్హత రెండు కణాలకు ఉంటుంది. లిన్-12 అనే గ్రాహకం (సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) ద్వారా ఒకదాన్నొకటి అణచుకుంటూ పోతే చివరికి ఒకటి నెగ్గుతుంది, ఒక పురుగులో ఇది, ఇంకో దాంట్లో అది. నీ వంశవృక్షంలో ఇది ముందే ఎక్కడుందో చూపించు.

మైక్రోస్కోప్ భయ్యా:
అక్కా, లిన్-3, లిన్-12 కూడా జన్యువులే కదా, వాడి వాదనకే బలం ఇస్తున్నారు :) లిన్-4 చూడండి, దాన్నుంచి వచ్చేది 22 అక్షరాల చిట్టి ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ కూడా కాదు. అది లేకపోతే లిన్-14 ప్రొటీన్ తగ్గాల్సిన టైముకి తగ్గదు, కొన్ని కణాలు తొలి లార్వా దశ విభజనలే మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చుంటాయి, వల్వా ఏర్పడదు, గుడ్లు కడుపులోనే ఉండిపోతాయి. 2024 నోబెల్ ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు వచ్చింది ఈ మైక్రోఆర్‌ఎన్‌ఏలకే.

తార్నాక అక్క:
జన్యువులు లేకుండా జరుగుతుందని నేనెక్కడన్నాను? "పక్క కణాలకు పనే లేదు" అన్నాడే, గొడవ దాని మీద. పిండం నాలుగు కణాలున్నప్పుడు ఏబీఏ, ఏబీపీ అని రెండుంటాయి. అవి విడిపోయేటప్పుడే నొక్కి ఒకదాని చోటికి ఇంకోదాన్ని జరిపినా పురుగు మామూలుగానే పుట్టింది. పక్కనున్న పీ2 అనే కణం ఎవరిని తాకితే వాళ్లే ఏబీపీ.

ఉప్పల్ కుర్రాడు:
మరి మొట్టమొదటి విభజన? అప్పటికి పక్క కణమే లేదు, పార్ ప్రొటీన్లే చెరోవైపు సర్దుకుని పెద్ద ఏబీ, చిన్న పీ1 అని రెండు కణాలు చేస్తాయి. దీనికేమంటారు?

తార్నాక అక్క:
అండంలోకి వీర్యకణం ఎటునుంచి చేరితే అటు తోకవైపు అవుతుంది బాబూ. దాన్ని ఏ జన్యువు ముందే రాసిందో చెప్పు.