పిడుగుఁ గొనెను బిడ్డ బేరమాడి

నిర్వాహకుడు:
మీరు పద్యంగా పూరించవలసిన ఈ వారం సమస్య, అంటే పద్యపు చివరి పాదం, మా ఇంటి ముందుగదిలోనే పుట్టింది. వేసవి సెలవులకు నెల్లూరు వచ్చిన మా మనవడు ఫైనల్ ఫాంటసీ వరుసలో పదవదీ, 2001లో వచ్చినదీ అయిన ఆటను టీవీకి తగిలించి ఆడుతున్నాడు. ‘తాతా, నా సంచీలో ఎన్ని పిడుగులున్నాయో చూడు’ అన్నాడు. చూస్తే ఎలక్ట్రో మార్బుల్, లైట్నింగ్ మార్బుల్, లైట్నింగ్ జెమ్ అని మూడు అంతస్తుల మెరుపు సరుకు వరుసగా పేర్చి ఉంది. మంత్రం రానివాడు సైతం ఆ గోలీని శత్రువు మీదికి విసిరితే పిడుగు పడుతుంది, గోలీ ఖర్చయిపోతుంది. ఆ మాట నాకు చక్కిలిగింత పెట్టగా ఈ పాదం వచ్చింది. పూరణలో గోలీ కనబడితే సంతోషం, కనబడకపోతే అభ్యంతరం లేదు.

పిడుగుఁ గొనెను బిడ్డ బేరమాడి

పెన్నగట్టు:
కంటి యెదుట తెరను కథ నడిపెడు వేళ
జలధియందుఁ బుట్టు శత్రువులను
గూల్పఁదలఁచి చేతఁ గొనుచును రొక్కము
పిడుగుఁ గొనెను బిడ్డ బేరమాడి

ఆ ఆటలో నీరూ మెరుపూ పరస్పర విరోధులు గనుక, జలధిలో పుట్టిన శత్రువుకు పిడుగే తగిన మందని రెండవ పాదంలో సూచించాను.

గుండ్లకమ్మ:
పెన్నగట్టు గారి పద్యానికి గణదోషం లేదు, యతిదోషం లేదు, ప్రాణం కూడా లేదు. ‘రొక్కము’ చేతిలో ఉన్నవాడికి బేరమెందుకు? ఆ ఆటలోని అంగళ్లలో చెప్పినంత గిల్ (అక్కడి డబ్బు) చెల్లించి సరుకు తీసుకోవడమే తప్ప, మన సంతపేటలో వంకాయలకు బేరమాడినట్టు ఆడే వీలు లేదు. సమస్యలోని చిక్కుముడి ‘కొనెను’ అన్న మాటలో లేదు, ‘బేరమాడి’ అన్న మాటలో ఉంది. పైగా క్రిందటి నెల ‘చేఁప చెట్టునెక్కె’ అన్న పాదానికి కూడా వారు ‘కంటి యెదుట’ అనే ఎత్తుకున్నారు. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రమంటే ఇదేనని నేను వేరే చెప్పనక్కరలేదు. నా పూరణ చిత్తగించండి.

ఒంగవోలు సంత నుఱుముల రంకెతో
దిక్కు లదరఁ జేయు తెల్లకోడెఁ
బేరు పిడుగటంచుఁ బిలువఁగ విని మెచ్చి
పిడుగుఁ గొనెను బిడ్డ బేరమాడి

పశువుల సంతలో తువాలు కింద వేళ్లు పట్టుకొని ఆడే బేరం ఎరిగినవారికి నాలుగవ పాదం ఎంత నిండుగా కుదిరిందో తెలుస్తుంది.

పెన్నగట్టు:
బేరం లేదనడం ఆట ఆడనివారి మాట. ఈ పదవ ఆటలోనే యోజింబో అనే కత్తివీరుడు తన సేవకు మొదట 2,50,000 గిల్ అడుగుతాడు, ఆడేవారు తగ్గించి చెప్పి అతనితో బేరం కుదుర్చుకుంటారు. కొనుగోలు మాటకు వస్తే, 1987 నాటి మొదటి ఆటలోనే కొర్నేలియా ఊరి అంగట్లో థండర్ మంత్రాన్ని డబ్బు పెట్టి కొనుక్కునేవారు. గుండ్లకమ్మ గారు పిడుగును వదలి గిత్తను తోలుకురావడం మనకు కొత్తేమీ కాదు. ఏ సమస్య ఇచ్చినా చివరకు అది ఒంగోలు సంతకే చేరుతుంది. ఇక ప్రాణం సంగతి అంటారా, ఉగాదినాటి కందంలో ‘మఱచి’కి ‘తరచి’ని ప్రాస కూర్చి, ర-ఱల భేదం పాటించిన కవిత్రయం ప్రాణం తీసినది ఎవరో ఇక్కడి వారందరూ చదివారు.

గుండ్లకమ్మ:
ఆ కందాన్ని నేను మరునాడే సవరించాను. సవరణను మాత్రం ఎవరూ చదవరు.

నిర్వాహకుడు:
ఉగాది పద్యాన్ని ఉగాదికే వదిలేద్దాం. గిత్తకు ‘పిడుగు’ అని పేరు పెట్టి సమస్యను విడదీయడం చక్కని ఉపాయమే. ‘సంత నుఱుముల’ అన్నచోట ఒకారానికి ఉకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో మైత్రి) చెల్లించిన తీరు నాకు నచ్చింది.

మైపాడు అల:
నేను ఆటలోని పాత్రనే తీసుకున్నాను. రిక్కు అనే ఆ పిల్లకు ఉరిమితే చాలు, వణుకు. చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున ఒక భూతం మీదపడితే, దాన్ని తరమబోయి ఆమె అన్న వేసిన మెరుపు మంత్రం గురి తప్పి ఆమెకే తగిలింది. అటువంటి పిల్లే గోలీలు విసరడంలో అందరికన్నా ముందుంటుంది.

మిన్ను మెఱయఁ గన్ను మూసెడి బాలయే
గోలితోడ రిపులఁ గొట్టఁ గోరి
భయము నమ్మి దాని ఫలముగఁ దనతోనె
పిడుగుఁ గొనెను బిడ్డ బేరమాడి

చీమకుర్తి రాయి:
మూడవ పాదం దగ్గర ఆగిపోయాను. ‘భయమున్ అమ్మి’ అని విడదీస్తే భయాన్ని అమ్ముకొని ఆ డబ్బుతో పిడుగు కొన్నది, ‘భయము నమ్మి’ అని చదివితే ఇన్నాళ్లూ ఆ భయాన్నే నమ్ముకున్నది. ‘తనతోనె’ అనడంతో బేరం అంగట్లో జరగలేదనీ, ఆ పిల్ల లోపలే జరిగిందనీ తేలింది. పెన్నగట్టు గారు యోజింబోను పిలిపించినా తెగని బేరాన్ని ఈ నాలుగక్షరాలు తెంచాయి.

గుండ్లకమ్మ:
మూడవ పాదానికి నేనూ తల వంచుతాను. మొదటి పాదానికి మాత్రం వంచలేను. ‘మి’కి ‘మూ’తో యతి ఎక్కడ చెల్లుతుంది?

మైపాడు అల:
‘మిన్ను’, ‘గన్ను’ అని యతికి బదులు రెండవ అక్షరాలు కలిపే ప్రాసయతి వేశాను కదా?

గుండ్లకమ్మ:
మీ ‘గన్ను’ మూడవ గణంలో కూర్చున్నది. ప్రాసయతి కావాలంటే అది నాలుగవ గణానికి నడవాలి. ఎదురింటి అరుగు మీద కూర్చొని మా ఇంటికి చుట్టమై వచ్చానంటే ఎవరు ఒప్పుకుంటారు?

చీమకుర్తి రాయి:
అయితే ‘మిన్ను మెఱయ బెదరి కన్నుమూసెడి బాల’ అంటే సరిపోతుంది.

పెన్నగట్టు:
యతి నిలిచింది, పిల్ల పోయింది. కన్నుమూయడమంటే తెలుగులో ఏమిటో చీమకుర్తి వారు మరచినట్టున్నారు. చనిపోయిన పిల్ల బేరమెలా ఆడుతుంది?

మైపాడు అల:
‘కన్ను దాఁచెడి బాల’ అని మార్చుకుంటాను. ఉరిమినప్పుడు మా అమ్మమ్మ కొంగులో ముఖం దాచుకొని ‘అర్జునా, ఫల్గుణా’ అని జపించిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి గనుక, ఈ మాటే నాకు దగ్గరగా ఉంది.

పెన్నగట్టు:
అర్జునుడు ఉత్తరునికి తన పది పేర్లూ చెప్పుకున్నది విరాటపర్వంలో, ఆ పర్వాన్ని తెనిగించినది మా నెల్లూరి తిక్కన. ఒంగోలు వారు గమనించగలరు.

గుండ్లకమ్మ:
తిక్కన గారు రాసినందుకు తమరు గర్వపడండి, కాదనను. ఆ పేర్లు విని ధైర్యం తెచ్చుకున్న ఉత్తరుడిలా తమరు కూడా ఒకసారి ‘కంటి యెదుట’ అనకుండా పద్యం ఎత్తుకోండి.

నిర్వాహకుడు:
సవరించిన పాఠాన్ని మా మనవడికి చదివి వినిపించాను. ఆ ఆటలోని పిడుగుల మైదానంలో వరుసగా 200 పిడుగులు తప్పించుకుంటేనే లూలూ అనే మంత్రగత్తె ఆయుధానికి కావలసిన వీనస్ సిగిల్ అనే ముద్ర దక్కుతుందట. వాడు 130 దాకా వచ్చి ఉన్నాడు. తల తిప్పకుండానే విని, ‘తాతా, ఆ గోలీలు నేను కొనలేదు, రిక్కు చేత పసుపు భూతాల దగ్గర దొంగిలింపజేశాను’ అన్నాడు. ఆ క్షణానే పిడుగు పడింది, లెక్క మళ్లీ సున్నాకి వచ్చింది. నాతో వాడు ఇంకా మాట్లాడటం లేదు గనుక, ‘కొనెను’ స్థానంలో ‘దొంగిలించె’ ఇమిడేలా పాదాన్ని తిరగరాయగలిగినవారు రేపు సాయంత్రంలోగా పంపండి.