పోలండ్ ప్రభువుకి టర్కీ వేషం ఎందుకు?

ప్రశ్న:
1683 నాటి పోలిష్ ప్రభువు బొమ్మకి రంగులేస్తున్నాను. పొడవాటి అంగీ, నడుముకి వెడల్పాటి పూల దట్టీ, వంపు కత్తి, చుట్టూ గొరిగించి నడినెత్తిన కాస్త జుట్టు. చూసిన ప్రతివాళ్లూ "సుల్తాను మనిషా?" అంటున్నారు. వియన్నా దగ్గర టర్కీ సైన్యాన్ని తరిమింది వీళ్లేగా! శత్రువు వేషం వీళ్లకెందుకండీ?

జవాబు 1:
ఆ రోజుల్లోనూ ఇదే టెన్షన్. వియన్నాలో తమ పక్షాన ఉన్న జర్మన్ సైనికులే తమని శత్రువులనుకుని కొట్టకుండా పోలండ్ రాజు సోబియెస్కీ మనుషులు గడ్డి పరకలు గుర్తుగా కట్టుకున్నారని చెబుతారు.

జవాబు 2:
శత్రువు వేషం అనకండి, ప్లీజ్. వాళ్ల దృష్టిలో అది అచ్చంగా సొంత వేషం. తాము ప్రాచీన సర్మేషియన్ల వారసులమని పోలిష్ ప్రభువులు గట్టిగా నమ్మేవారు. గుర్రాల మీద స్టెప్పీ గడ్డిమైదానాల నుంచి వచ్చిన వీరుల సంతానానికి జర్మన్ కోటూ, బిగుతు లాగూ ఏం నచ్చుతాయి?

ఇంకో సంగతి, ఇందులో చాలా భాగం నేరుగా టర్కీ నుంచి రాలేదు, హంగరీ మీదుగా వచ్చింది. ట్రాన్సిల్వేనియాని ఏలిన స్టెఫాన్ బాతోరీ 1576లో పోలండ్ రాజయ్యాక హంగరీ తరహా వంపు కత్తి బాగా పాకిపోయింది. హుస్సార్లు కూడా మొదట సెర్బియా, హంగరీల నుంచి వచ్చిన తేలిక రౌతులే. వాళ్లని కవచాలు తొడిగిన బల్లెపు దళంగా మార్చింది బాతోరీ కాలమే.

స్టెప్పీ రౌతులైన తాతార్లతో పోరు ఎప్పుడూ ఉండేదే కాబట్టి పనికొచ్చే సరంజామా ఎవరిదైనా తీసుకున్నారు. పాన్సెర్నీ రౌతుని చూడండి: ఒంటిమీద ఇనుప వలచొక్కా, తలమీద గుండ్రటి రేకు, దాని చుట్టూ భుజాల దాకా వేలాడే వల. చేతిలో కల్కాన్ డాలు. సన్నటి పుల్లల్ని చుట్టలుగా చుట్టి, వాటిమీద రంగురంగుల పట్టుదారం అల్లి, నడిమధ్య లోహపు బొడిపె బిగిస్తారు. అంత అందమైన డాలు ఇంకోటి ఉండదంటాను.

ల్వూవ్ (ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్) నగరంలో అర్మేనియన్ పనివాళ్లు టర్కీ, పర్షియా తరహా కత్తులూ జీనులూ అక్కడికక్కడే చేసేవారు. వాటిని పరాయి సరుకు అని ఎలా అంటాం?

ప్రశ్న అడిగినవారు:
అద్భుతం, థ్యాంక్సండీ. మరి నా బొమ్మలో మార్చాల్సినవి ఉన్నాయా?

జవాబు 2:
దట్టీ మార్చండి. ఆ వెడల్పాటి పూల దట్టీలు స్లుత్స్క్ (ఇప్పటి బెలారస్‌లోని ఊరు) మగ్గాల మీద ఊపందుకున్నది 18వ శతాబ్దంలో. 1683కి సాదా పట్టు దట్టీ చాలు. పైన వేసుకునే కొంతుష్ చేతులు చీలి, భుజాల వెనక్కి పడుతూ ఉంటే లోపలి జూపాన్ రంగు కనబడాలి. ఆ రెండు రంగులూ ఎదురెదురుగా కొట్టొచ్చినట్టుంటేనే అందం.

కత్తి పిడి ఎలా ఉంది? గద్ద తలలా వంగి, వేళ్లకి అడ్డు లేకపోతే అది కరాబేలా. కొలువుకీ పండక్కీ భేషుగ్గా ఉంటుంది. యుద్ధంలో ఉన్న హుస్సార్ అయితే మాత్రం వేళ్లమీదుగా వంగిన ఇనుప కమ్మీ, పక్కన బొటనవేలు దూర్చే ఉంగరం పెట్టండి. ఆ ఉంగరంలో వేలు పెడితే కత్తి చేతిలో తిరిగిపోదు, వేటు బలంగా పడుతుంది. అదీ చిన్నదే గానీ, సన్న కుంచెతో దానికి కాస్త వెండి రంగు అద్దడం మర్చిపోకండి.