ఒకే పీస్ రెండు సైట్లలో అమ్ముడైపోతోంది, ఏం చేయాలి?

నేను మూడు సైట్లలో పాత కెమెరా లెన్సులు అమ్ముతాను. ఏదైనా ఒక్క పీసే ఉంటుంది. మొన్న రాత్రి ఒకదానికి ఆర్డర్ వచ్చింది. పొద్దున్నే లేచి మిగతా చోట్ల లిస్టింగ్ తీసేద్దామని చూస్తే, అదే లెన్సు ఇంకో సైట్లో కూడా అమ్ముడైపోయింది! ఒకటి క్యాన్సిల్ చేయక తప్పలేదు. రేటింగ్ పోతుందని టెన్షన్. కొన్నాయననే క్యాన్సిల్ చేయమని అడగమని కొందరు అన్నారు గానీ, తప్పు నాది పెట్టుకుని అలా అడగబుద్ధి కాలేదు.

ఎక్సెల్ షీట్ ఉంది, కానీ అది నేను మేలుకొని ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఒకచోట అమ్ముడవగానే మిగతా చోట్ల స్టాక్ సున్నా చేసే ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడుతున్నారా? సింక్ అవడానికి ఎంతసేపు పడుతోంది? నా ఎస్‌కేయూ కోడ్‌లు (ఒక్కో వస్తువును గుర్తుపట్టడానికి పెట్టుకునేవి) సైటుకొక రకంగా ఉన్నాయి, ముందు అవి సరిచేసుకోవాలా? ఉన్నవే 40 లిస్టింగులు, ఒక్కో పీస్ ఒక్క సైట్లోనే పెట్టుకోవడం నయమంటారా?