గోల్ఫ్‌ల డ్రైవర్ కొడితే బంతి కుడికే తిరుగుతున్నది, ఎడమకు గురి పెట్టినా లాభం లేదు

పాలమూరు_బంతి

అందరికి నమస్తే. మాది మహబూబ్‌నగర్. గోల్ఫ్ మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది, కుడిచేతి ఆట. 7 ఐరన్ (మధ్య దూరాలు కొట్టే క్లబ్, అంటే కర్ర) 140 గజాలు దాదాపు సూటిగనే పోతది. డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే పొడుగు క్లబ్, తీస్తేనే పంచాయితీ. బంతి గురికి కొంచెం ఎడమకే లేస్తది, సగం దూరం పోయినంక కుడికి మలుగుతది, అనుకున్న జాగకు 40 గజాలు అవతల పడ్తది. అందుకని ఎడమకు గురి పెడితే ఇంకెక్కువ తిరుగుతున్నది. గట్టిగ కొడితే మరీ ఘోరం.

హైదరాబాద్‌ల రేంజికి (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే మైదానం) పదిహేను రోజులకోసారి మాత్రమే పోగలుగుత. మిగతా రోజులు పల్లికాయ పీకిన చెలకల నెట్ కట్టి కొడదామని ఉన్నది. ఇవి పదిహేనేండ్లు క్రికెట్ ఆడిన చేతులు, అది కూడా చెప్తున్న. డ్రైవర్ సెకండ్ హ్యాండ్‌ది: 10.5 డిగ్రీల లాఫ్ట్ (బంతిని కొట్టే ముఖం వెనక్కి వాలిన కోణం), రెగ్యులర్ షాఫ్ట్ (క్లబ్ కాడ), పొడవు 45.5 అంగుళాలు.

మూడు ముచ్చట్లు తెల్వాలె. ఐరన్ సక్కగ పోయి డ్రైవరే ఎందుకు తిరుగుతది? బంతి ఎటు పోయిందో కనబడని నెట్‌ల ఏం ప్రాక్టీస్ చేయాలె? డ్రైవర్ మార్చాల్నా?

బత్తాయి_నల్లగొండ

తమ్మీ, నువ్వు రాసిన దాంట్లనే సగం జవాబున్నది. బంతి మొదట ఎటు లేస్తదో ఎక్కువగ క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, చూస్తున్న దిక్కును బట్టి ఉంటది. తర్వాత ఎటు మలుగుతదన్నది ఫేస్‌కూ, క్లబ్ వస్తున్న దారికీ నడుమ ఉన్న తేడాను బట్టి. నీది ఎడమకు లేచి కుడికి మలుగుతున్నది. అంటే తాకేటప్పుడు ఫేస్ గురికి జర ఎడమకే ఉన్నది, క్లబ్ దారి మాత్రం దానికంటే ఇంకా ఎడమకు, బయటి నుంచి లోపలికి కోసుకుంట వస్తున్నది. ఫేస్ 2 డిగ్రీలు ఎడమకు, దారి 7 డిగ్రీలు ఎడమకు అనుకో. బంతి లెక్కల ఫేస్ 5 డిగ్రీలు తెరిచున్నట్టే. ఆ 5 డిగ్రీలే నీ స్లైస్, అంటే బంతి కుడికి మలుగుడు.

ఇగ ఎడమకు గురి పెట్టినవనుకో, భుజాలు ఎడమకు తెరుచుకుంటయి, దారి ఇంకింత ఎడమకు పోతది. బంతి ఎడమ చెట్లల్ల పడ్తదేమోనని చేతులు ఫేస్‌ను తెరిచి పట్టుకుంటయి. తేడా పెరిగింది, మలుపు పెరిగింది. గట్టిగ కొట్టినా అంతే. బలం పెట్టాలనుకున్నప్పుడు అందరికంటే ముందు లేచేది కుడి భుజం.

ఐరన్‌ల కూడా నీకు ఇదే తప్పున్నది, కనబడుతలేదంతే. 7 ఐరన్ లాఫ్ట్ 30 డిగ్రీల దగ్గర ఉంటది, బంతికి వెనక్కి తిరిగే స్పిన్ బాగ పడ్తది. అదే 5 డిగ్రీల తేడా ఆ స్పిన్ ఇరుసును కొంచెమే వంచుతది. డ్రైవర్‌కు లాఫ్ట్ తక్కువ, ఇరుసు ఎక్కువ వంగుతది. పైగా వేగం ఎక్కువ, పోయే దూరం ఎక్కువ, మలుగనీకి జాగ దొరుకుతది.

క్రికెట్ ముచ్చట చెప్పి మంచి పని చేసినవ్. కవర్ డ్రైవ్‌ల ముందుకాలు బంతి దగ్గరికేస్తవు, తల బంతి మీదికి తెస్తవు, కింది చెయ్యి సుతారంగ ఉంచి బ్యాట్ ఫేస్‌ను చివరిదాంక బంతికి చూపిస్తవు. డ్రైవర్‌తోని ఈ మూడూ చెడగొడ్తయి. తల బంతికి వెనకనే ఉండాలె. తల ముందుకొస్తే పైభాగమంతా గురి దిక్కు జారుతది, క్లబ్ నిటారుగ బయటి నుంచి పడ్తది. ఫేస్‌ను చివరిదాంక చూపించుడంటే దాన్ని మూసుకోనియ్యకపోవుడే.

సరిచూసుకునే గుర్తు ఒకటున్నది. సగం స్వింగ్ చేసి, బంతి దాటినంక క్లబ్ నడుమెత్తుకు వచ్చినకాడ ఆపు. క్లబ్ టో (కింది హెడ్ బయటి కొన) ఆకాశం దిక్కు నిలబడి ఉంటే ముంజేతులు తిరిగినట్టు. ఫేసే ఆకాశాన్ని చూస్తుంటే తెరిచే ఉన్నది. రోజుకు ముప్పై సార్లు బంతి లేకుండ చెయ్యి.

గ్రిప్ సంగతి. ఎడమ చేతిల క్లబ్ అరచేతి నడుమ పడొద్దు, చిటికెన వేలు మొదలు నుంచి చూపుడువేలు నడిమి కణుపు దాంక ఏటవాలుగ వేళ్లల్ల పడాలె. పైకెళ్లి చూస్తే ఎడమ చెయ్యి గుబ్బలు (వేళ్ల మొదట్ల ఉండే కణుపులు) రెండున్నర కనబడాలె. ఒకటే కనబడితే అది బ్యాట్ గ్రిప్. రెండు చేతుల్ల బొటనవేలుకూ చూపుడువేలుకూ నడుమ పడే గీతలు కుడి భుజం దిక్కు పోవాలె. పట్టు ఎంత గట్టిగంటే, పండిన బత్తాయిని రసం కారకుండ పట్టుకున్నంత.

దేవరకొండ_డివట్

పైన అన్న చెప్పిన దిశల లెక్క సరైనదే. కానీ గ్రిప్ మార్చే ముందు బంతి ఫేస్ మీద ఎక్కడ తాకుతోందో చూడండి. నా లెక్కలో ఇదే మొదటి పని, గ్రిప్ రెండోది.

డ్రైవర్ హెడ్ బోలుగా ఉంటుంది, దాని బరువు కేంద్రం ఫేస్‌కి చాలా వెనక ఉంటుంది. బంతి హీల్ (ఫేస్‌లో షాఫ్ట్ అతికే కొన) వైపు తాకితే హెడ్ ఒక దిక్కుకు తిరుగుతుంది, ఒకదాన్నొకటి తిప్పే పళ్ల చక్రాల్లాగా బంతి ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఆ తిప్పు కుడికే. టో వైపు తాకితే ఎడమకు. అంటే స్వింగ్ దారి బాగున్నా, హీల్ మీద తాకితే స్లైస్ వస్తుంది. ఇది తెలియకుండా గ్రిప్ మార్చుకుంటూ పోతే ఆరు నెలలకి మధ్యలో తగిలిన రోజు బంతి ఎడమకు పరుగెడుతుంది, ఏం జరిగిందో అర్థం కాదు.

చూసుకోవడానికి స్ప్రేలు కొనక్కర్లేదు. బడి చాక్‌పీస్‌ను తడిపి ఫేస్ అంతా రాసి, ఆరనివ్వండి. బంతి తాకినచోట గుండ్రటి మచ్చ పడుతుంది. మూడు నాలుగు బంతులకోసారి తుడిచి మళ్లీ రాయాలి. నెట్‌లో బంతి ఎటు పోయిందో కనబడకపోయినా ఈ మచ్చ అబద్ధం చెప్పదు. మచ్చ పైకీ కిందకీ జరగడం కూడా గమనించండి. ఫేస్ కింది భాగంలో తాకితే బంతి కిందుగా లేచి స్పిన్ ఎక్కువై గాలిలో ఉబ్బి చప్పబడుతుంది. మధ్యకు కాస్త పైన తాకడమే మేలు.

నిలబడే తీరు కూడా సరిచూసుకోండి. బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా ఉండాలి. బొటనవేలి ఎదురుగా పెట్టారంటే చేతులు దాన్ని అందుకోవడానికి భుజాలు తెరుచుకుంటాయి, దారి ఎడమకు పోతుంది. టీ (బంతిని నిలబెట్టే పుల్ల) ఎత్తు: క్లబ్‌ను నేల మీద పెట్టినప్పుడు సగం బంతి హెడ్ పైఅంచుకు పైన కనబడాలి. 70 మి.మీ. టీ సరిపోతుంది. టీ తక్కువెత్తులో గుచ్చితే పైనుంచి నరకాలన్న బుద్ధి పుడుతుంది.

వెన్ను వాలు కోసం క్లబ్‌ను ఛాతీ మధ్యన నిలువుగా ఆనించి, హెడ్ కిందికి వేలాడేలా పట్టుకోండి. షాఫ్ట్ ఎడమ తొడ లోపలి వైపును తాకేంత వరకూ పైభాగాన్ని కుడికి వాల్చండి. అంతే వాలు, అంతకంటే వద్దు. కుడి భుజం ఎడమ దానికంటే కిందకి వస్తుంది, బరువులో సగానికి కొంచెం ఎక్కువ కుడికాలి మీద ఉంటుంది. ఇక్కడొక మెలిక ఉంది: డ్రైవర్‌తో బంతిని పైకి లేస్తున్న క్లబ్‌తో కొట్టాలి, కానీ క్లబ్ పైకి లేచే వేళకు దాని దారి సహజంగానే ఎడమకు మళ్లుతుంది. అందుకే పాదాలు, భుజాలు గురికి సమాంతరంగా కాక ఒక్క పిసరు కుడికి ఉన్నా తప్పులేదు. ఎడమకు మాత్రం అస్సలు ఉండకూడదు.

పాలమూరు_బంతి

చాక్‌పీస్ రాసి ఇరవై బంతులు కొట్టి చూసిన. 13 హీల్ దిక్కు, 5 మధ్యల జర కింద, 2 టో మీద. బంతిని బొటనవేలి ఎదురుంగనే పెడుతున్న, దాన్ని వెనక్కి జరిపిన. గుబ్బ ఒకటే కనబడుతున్నది. ఇప్పుడు హీల్‌ను ముందు సరిచేయాల్నా, గ్రిప్‌నా?

దేవరకొండ_డివట్

రెండింటికీ మూలం ఒకటే అయి ఉండొచ్చు. కుడి భుజం ముందు దూకితే చేతులు మీ ఒంటికి దూరంగా, బంతి వైపు తోసుకుపోతాయి. దాంతో దారి బయటినుంచి లోపలికి వస్తుంది, తాకేది హీల్‌కి. ఇంకో కారణం: కిందికి వచ్చేటప్పుడు బరువు కాలి వేళ్ల మీదికి వచ్చి నడుము బంతి వైపు జరగడం. మీది ఏదో తెలియాలంటే స్వింగ్ అయ్యాక పాదాలు చూసుకోండి. మడమలు లేచి ముందుకు తూలుతుంటే రెండోది.

పాత హవాయి చెప్పు ఒకటి తీసుకోండి. బంతికి 15 నుంచి 20 సెంటీమీటర్లు వెనక, క్లబ్ టో వచ్చే గీతకు బయట రెండు వేళ్ల సందు వదిలి, గురికి సమాంతరంగా పెట్టండి. బయటినుంచి వచ్చే క్లబ్ చెప్పును తన్నుతుంది. దాన్ని తాకకుండా కొట్టాలంటే క్లబ్ లోపలినుంచే రావాలి, వేరే దారి లేదు. ముందు బంతి లేకుండా పది స్వింగ్‌లు, తర్వాత సగం వేగంతో పది బంతులు. మొదటి రోజు పూర్తి వేగం వద్దు, చెప్పు చెలకంతా తిరుగుతుంది.

వరస గుర్తుంచుకోండి: క్లబ్‌ను వెనక్కి ఎత్తడం పైన ముగిసే క్షణానికి ఎడమ మడమ మీద బరువు దిగాలి, నడుము తిరగడం మొదలవ్వాలి, ఆ తర్వాతే చేతులు. చేతులు తొడ ముందుకు దిగేదాకా వీపు గురి వైపే ఉండనివ్వండి.

వనపర్తి_వుడ్3

డ్రైవర్ మార్చొద్దు. గ్రిప్ కొన నుంచి ఒక అంగుళం కిందికి పట్టుకో, 45.5 అంగుళాలది 44.5 అయితది. కాస్త వేగం తగ్గుతది గాని మధ్యల తాకే బంతులు పెరిగినందుకు అది తిరిగొస్తది. షాఫ్ట్ మెడ కాడ తిప్పే స్లీవ్ ఉంటే లాఫ్ట్ 12 డిగ్రీలకు పెంచు. లాఫ్ట్ పెంచితే ఫేస్ జర మూసుకుంటది, మలుపు కూడ తగ్గుతది. 9 డిగ్రీలది మాత్రం ఎవరిచ్చినా ముట్టకు.

నెట్ గురించి ఎవరూ చెప్పలే. క్రికెట్ నెట్ తెచ్చి కట్టకు. గోల్ఫ్ బంతి అడ్డకొలత 42.67 మి.మీ., క్రికెట్ నెట్ కన్ను సాధారణంగ 45 నుంచి 50 మి.మీ. ఉంటది. బంతి సందుల నుంచి దూసుకపోయి పక్క చెలకల పనిచేసేటోళ్లకు తగుల్తది. డ్రైవర్ నుంచి బంతి గంటకు 200 కిలోమీటర్ల పైన లేస్తది, అది ఆట గాదు. కన్ను 25 మి.మీ. లోపున్న నైలాన్ నెట్ కావాలె. పచ్చని షేడ్ నెట్ నాలుగు రోజులకే చీలుతది. నెట్‌ను బిగగట్టకు, వదులుగ ఏలాడనియ్యి. బిగిస్తే బంతి తిరిగొచ్చి మోకాళ్లకు కొడ్తది. నెట్ వెనక ఒక మీటరు వదిలి పాత గొంగడి ఏలాడదియ్యి, రెండో కాపు అదే. నువ్వు నెట్‌కు మూడు మీటర్ల దూరంల నిలబడు, పక్కలకు కూడ నెట్ ఉండాలె. హీల్‌కు తాకిన బంతి ఎటు పోతదో నీకే తెల్వదు.

చెలకల ఐరన్లు కొట్టకు. ఎర్రనేల ఎండితే గట్టిబడ్తది, లోపల గుండ్రాళ్లుంటయి, మణికట్టు పట్టేస్తది. డ్రైవర్‌కు టీ గుచ్చుడే కష్టం, మ్యాట్ మీద రబ్బర్ టీ పెట్టుకో.

ఎండకాలం కారు డిక్కీల క్లబ్‌లు వదలకు. హెడ్‌ను షాఫ్ట్‌కు అంటించేది ఎపాక్సీ జిగురు, హెడ్ ఊడదీయాలంటే రిపేర్ చేసేటోళ్లు దాన్ని వేడిచేసే తీస్తరు. మే నెలల మన దిక్కు డిక్కీ ఎంత కాగుతదో చెప్పే పనిలేదు. గ్రిప్ రబ్బర్ కూడ గట్టిబడి జారుతది. జారినకాడ చెయ్యి బిగుస్తది, బిగిసిన చెయ్యి ఫేస్‌ను మూసుకోనియ్యదు. నెలకోసారి గ్రిప్‌లను గోరువెచ్చని నీళ్లల్ల గిన్నెలు తోమే సబ్బేసి కడిగి, ఆరబెట్టు.

బత్తాయి_నల్లగొండ

చెప్పు లెక్క నాకు కూడ నచ్చింది. గ్రిప్ రెండోదన్న దానికి మాత్రం ఒప్పుకోను. ఒక్క గుబ్బ కనబడే చెయ్యి లోపలినుంచి వచ్చినా ఫేస్ తెరిచే ఉంటది. అప్పుడు బంతి కుడికి లేచి ఇంకా కుడికే పోతది. రెండూ ఒకేసారి మార్చు తమ్మీ. మొదటి వారం బంతి ఎడమకు దుంకితే భయపడకు, అది దారి మారకముందే గ్రిప్ మారిందని గుర్తు.

రేంజికి పోయిన రోజు 60 బంతులుంటే 60 డ్రైవర్లు కొట్టకు. వెడ్జ్ (దగ్గరి దూరాల క్లబ్) 15, 7 ఐరన్ 20, డ్రైవర్ 20, మిగిలిన 5 మళ్లీ వెడ్జ్. డ్రైవర్ ఒక్కోదానికీ నడుమ వెనక్కి జరిగి, మళ్ల కొత్తగ గురి చూసి నిలబడు. వరసబెట్టి కొడితే పాదాలు తెలువకుండనే ఎడమకు తిరుగుతయి. రేంజి బంతులు అసలు బంతుల కంటే తక్కువ దూరం పోతయి, గజాల బోర్డు చూసి గుండె పగులగొట్టుకోకు.

చెర్వుగట్టు_పార్4

ఇదంతా కుదిరేదాంక ఆట ఆపుకోవద్దు కదా. కోర్సులో స్లైస్ ఉన్న రోజు టీ బాక్స్ (మొదటి దెబ్బ కొట్టే జాగా) కుడి చివర టీ గుచ్చండి, అప్పుడు ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కోసిన దారి) ఎడమ సగం మీకు ఖాళీగా కనబడుతుంది. అటు గురి పెట్టండి, కానీ మొత్తం ఒళ్లు అటే తిప్పి. భుజాలు ఒక్కటే తెరవడం కాదు. కుడివైపు తెల్ల గుంజలుంటే (అవి కోర్సు హద్దు) డ్రైవర్ లోపలే పెట్టి 3 వుడ్ (డ్రైవర్ కంటే పొట్టి క్లబ్) తీయండి. ఆ గుంజలు దాటితే ఒక స్ట్రోక్ శిక్ష, మళ్లీ కొట్టిన చోటి నుంచే కొట్టాలి. బంతి కనబడదేమో అని అనుమానమొస్తే ముందుకు నడవక ముందే "ప్రొవిజనల్ (మొదటిది దొరకకపోతే దాని బదులు ఆడే బంతి) కొడుతున్నా" అని పైకి చెప్పి ఇంకోటి కొట్టండి. చెప్పకుండా కొడితే ఆ రెండోదే ఆటలో ఉన్న బంతి అయిపోతుంది. 2019 నుంచి వెతకడానికి మూడు నిమిషాలే, అంతకు ముందు ఐదు ఉండేవి.

పాలమూరు_బంతి

అందరికి శనార్తులు. గొంగడి ఇంట్లనే ఉన్నది, నెట్ మాత్రం కొనాలె. ఒక్కటి అడుగుత: సగం వేగం నుంచి పూర్తి వేగానికి ఎప్పుడు పోవాలె?

దేవరకొండ_డివట్

రోజులు లెక్కపెట్టకండి, మచ్చలు లెక్కపెట్టండి. సగం వేగంతో పది బంతుల్లో ఏడు మచ్చలు ఫేస్ మధ్యన, ఒక రూపాయి బిళ్లంత జాగాలో పడి, చెప్పు కదలకుండా ఉంటే ముప్పావు వేగానికి వెళ్లండి. అక్కడ ఐదుకు పడిపోతే మళ్లీ సగానికి. చెప్పు తగిలిన బంతి మధ్యన తాకినా లెక్కలో వేయొద్దు.