గ్రూపులో పెట్టిన మెసేజ్ ఎవరూ పూర్తిగా చదవడం లేదు, ఎలా రాయాలి?

రాయగడ గుంటడు:
రాయగడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బళ్లు పంపే పని చూస్తాను. మా ఆఫీసంతా వాట్సాప్ గ్రూపులోనే నడుస్తుంది. డ్రైవర్లు, లోడింగ్ మేస్త్రి, అకౌంట్స్ ఆయన, వైజాగ్ గోడౌన్ వాళ్లు అందరూ అందులోనే. నేను వివరంగానే రాస్తాను. చూశారని టిక్కులు నీలంగా మారతాయి, వెంటనే ఫోను: "ఇంతకీ ఏటంటావు?" మొన్న నేను పెట్టింది ఇదీ:

"నమస్తే సార్, గుడ్ ఈవెనింగ్. తెలియజేయునది ఏమనగా, వైజాగ్ లోడు ఉదయం నుంచి లోడింగ్ జరుగుతుండగా మధ్యాహ్నం బండి స్టార్ట్ కానందున మెకానిక్‌ని పిలిపించి చూపించగా క్లచ్ పోయిందని చెప్పినందున వేరే బండి పెట్టడం జరిగింది. సాయంత్రం బయల్దేరవచ్చు. ఈ-వే బిల్లులో మార్చవలసి ఉన్నది కావున గమనించగలరు."

ఈ-వే బిల్లంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం, అందులో బండి నంబరు మార్చాల్సింది అకౌంట్స్ ఆయన. ఆయన దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. బండి రాత్రంతా గేటు దగ్గరే ఉండిపోయింది. పార్వతీపురంలో చదువుకున్నాను, పద్ధతిగా రాయమనే నేర్పారు. ఇందులో తప్పేముంది?

జైపూరు పాత క్లర్కు:
బాబూ, నీ తెలుగుకేం, బాగానే ఉంది. అసలు పని మాత్రం అట్టడుగున పెట్టావు. ఫోను తెర మీద మొదట కనబడేది ఒకటి రెండు లైన్లే. అక్కడ ఆయనకి నీ నమస్తే కనబడింది. క్లచ్ పోతే ఆయనకేం? ఏ లోడు, ఏ బండి, ఎప్పటిలోగా, అదీ ఆయనకి కావలసింది. కొత్త బండి నంబరే రాయలేదు నువ్వు! 50 వేల రూపాయల విలువ దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు ఉండాల్సిందే. దాని పార్ట్-బిలో, అంటే బండి వివరాలుండే భాగంలో, ఒక నంబరు, రోడ్డు మీద ఇంకో నంబరు ఉంటే ఆపేస్తారు. నేనైతే ఇలా పెడతాను:

"అకౌంట్స్ సార్, వైజాగ్ లోడుకి బండి మారింది. కొత్త నంబరు కింద ఉంది. సాయంత్రం 6 లోపు ఈ-వే బిల్లులో మార్చాలి. మార్చేదాకా బండి కదలదు. అయ్యాక ఓకే పెట్టండి."

అంతే. మెకానిక్ సంగతి యజమాని అడిగితే ఆయనకి విడిగా చెప్పు. ఇంకోటి, గ్రూపులో "గమనించగలరు" అంటే పక్కవాడు గమనిస్తాడులే అని ప్రతివాడూ అనుకుంటాడు. పేరు పెట్టి పిలవాలి.

మా రోజుల్లో టెలిగ్రాముకి మాటకింత అని డబ్బు పడేది. "తెలియజేయునది ఏమనగా" అని రాస్తే మా మేనేజరు చీవాట్లు పెట్టేవాడు. 2013 జులైలో టెలిగ్రాం ఆపేశారు, ఆ పొదుపూ దాంతోనే పోయింది.

మరో సంగతి. మన డ్రైవర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది ఒడియా. తెలుగు లిపి చదవలేరు. వాళ్లకి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, టైము అంకెల్లో పెట్టు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కాక నెట్ అందకపోతే మామూలు ఎస్సెమ్మెస్సే గతి. తెలుగు లిపిలో అయితే ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే, ఇంగ్లీషు అక్షరాల్లో 160. పైగా గుణింతం గుర్తు కూడా లెక్కలోకే వస్తుంది. 'లోడు' అన్నది రెండు కాదు, నాలుగు.

బరంపురం బ్యాంకమ్మ:
క్లర్కు గారూ, అంతా బాగుంది గానీ "మార్చాలి" అని చిన్నవాడు పెద్దాయనకి పెడితే మన వైపు పొగరనుకుంటారు. "మార్చండి సార్" అంటే సరిపోయేదానికి! మా బ్రాంచిలో కొత్తగా చేరిన పిల్లలు పొట్టిగా రాయమంటే "ఫైల్ ఏది?" అని మేనేజరుకే పెడుతున్నారు. అంతకంటే విసుగు, "హాయ్ మేడమ్" అని పెట్టి నేను పలికేదాకా కూర్చునేవాళ్లు. పనేదో ఆ హాయ్ పక్కనే రాయొచ్చుగా?

నంబరు తప్పు పడితే మాత్రం పాత మెసేజ్‌ని ఎడిట్ చేసి వదిలేయకండి. వాట్సాప్ 15 నిమిషాల దాకా దిద్దనిస్తుంది, నిజమే. కానీ దిద్దితే అవతలి ఫోను మళ్లీ మోగదు. ముందే చూసినవాడు పాత నంబరుతోనే పని కానిచ్చేస్తాడు. "మార్పు" అని మొదలుపెట్టి కొత్తది పంపాలి.

జైపూరు పాత క్లర్కు:
"మార్చండి సార్", ఒప్పుకున్నానమ్మా. అదే పెట్టు బాబూ.

రాయగడ గుంటడు:
ఇవాళ గుణుపురం లోడుకి అలాగే పెట్టాను, అకౌంట్స్ ఆయన నుంచి ఓకే వచ్చింది, ఫోను రాలేదు. మరి మా యజమాని సంగతేంటి? ఆయన రాయరు, బండి నడుపుతూ ఇంత పొడుగు వాయిస్ పంపిస్తారు. అందులో మూడు లోడ్లు, వాళ్ల మేనల్లుడి పెళ్లి, డీజిల్ రేటు అన్నీ ఉంటాయి.

జైపూరు పాత క్లర్కు:
విను. విన్నాక లోడుకో లైను చొప్పున రాసి, "ఇంతేనా సార్?" అని ఆయనకే పెట్టు. ఆయన ఊ అంటే దాన్నే గ్రూపులోకి పంపించు. రేపు "నేనలా చెప్పలేదే" అంటే చూపించడానికీ ఉంటుంది. పెళ్లి సంగతి మాత్రం మర్చిపోకు, భోజనానికి పిలుస్తారు.